వంద రూపాయల వెండి బిళ్ళ కిరాణా కొట్టులో చెల్లుతుందా?

మొన్న దీపాలు పెట్టే వేళ మా వీధి చివరి కిరాణా కొట్టాయన గేటు దగ్గర నిలబడి, “మేడంగారూ, ఒక్కసారి బయటికొస్తారా” అని పిలిచాడు. చేతిలో న్యూస్‌పేపర్ పొట్లం. విప్పితే సంక్రాంతికి చేసుకునే చెక్క అంత సైజులో వెండి రంగు బిళ్ళ. ఒకవైపు ఎన్టీఆర్ ముఖం, 1923-2023 అని సంవత్సరాలు. రెండోవైపు సింహాల ముద్ర, దాని కింద రూపాయి గుర్తుతో 100.

“మధ్యాహ్నం నేను భోజనానికెళ్ళినప్పుడు ఎవరో పిల్లాడు మా ఆవిడకి ఇదిచ్చి, వంద రూపాయలకి చాక్లెట్లూ కూల్‌డ్రింకూ పట్టుకెళ్ళాడంట. ఆవిడ చూసుకోకుండా గల్లాపెట్టెలో వేసేసింది. ఇది చెల్లుద్దా, లేకపోతే ఎగ్జిబిషన్‌లో అమ్మే బొమ్మ బిళ్ళా?”

నేను 31 ఏళ్ళు బ్యాంకులో క్యాష్ కౌంటర్ వెనక కూర్చుని, తెనాలిలో హెడ్ క్యాషియర్‌గా రిటైరయ్యాను. ఉద్యోగం పోయినా డబ్బుల సందేహాలు మాత్రం ఇంటికే వస్తాయి. చిరిగిన నోట్లు, రంగు అంటిన నోట్లు, పది రూపాయల బిళ్ళలు, మనవరాలి బారసాలకి అమెరికా నుంచి వచ్చిన వెండి కాసులు. అందరిదీ ఒకటే ప్రశ్న: “ఇది చెల్లుతుందా?”

కొట్టాయనకి చెప్పిన జవాబు ఇదీ: చెల్లుతుంది. సరిగ్గా వంద రూపాయలకి చెల్లుతుంది. ఒక్క రూపాయి ఎక్కువకి కాదు, తక్కువకీ కాదు. ఆ బిళ్ళ ఎవరింటిదో నాకు చూడగానే తెలిసింది గానీ, ఆ సంగతి తర్వాత. ముందు మీ చేతిలో ఉన్న నాణెం ఏ జాతిదో మీకు మీరే తేల్చుకునే పద్ధతి చెబుతాను.

ముందు మూడు ధరలు విడదీయండి

ఇలాంటి ప్రతి నాణేనికీ మూడు ధరలుంటాయి. మొదటిది దాని మీద అచ్చేసిన ధర. దీన్ని ముఖ విలువ అంటారు. రెండోది అందులో ఉన్న లోహం ధర, ఇది రోజూ మారుతుంది. మూడోదాన్ని నేను మోజు ధర అంటాను. సేకరించేవాళ్ళు, అభిమానులు ఇచ్చే ధర.

ఎన్టీఆర్ నాణేన్నే తీసుకోండి. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము రాష్ట్రపతి భవన్‌లో విడుదల చేశారు. ప్రభుత్వ నాణేలు ముద్రించే హైదరాబాద్ మింట్‌లోనే తయారైంది. అడ్డంగా 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు. అందులో సగం వెండి, 40 శాతం రాగి, మిగతా పదిలో నికెల్ ఐదు, జింకు ఐదు. అంటే వెండి 17.5 గ్రాములు. గ్రాము వంద రూపాయలనుకుంటే లోహం ధర 1,750. మింట్ వాళ్ళు ప్యాకింగ్‌తో కలిపి అమ్మింది నాలుగు వేల పైనే. ముఖ విలువ మాత్రం వంద.

“చెల్లుబాటు” అని చట్టం చెప్పేది ఈ మూడింట్లో ఒక్క ముఖ విలువ గురించే. మిగతా రెండూ బజారు వ్యవహారం. కౌంటర్ దగ్గర నేను చూసిన గొడవల్లో సగం ఈ తేడా తెలియక వచ్చినవే. “నాలుగు వేలు పోసి కొన్నాను, ప్రభుత్వమే అమ్మింది, నాలుగు వేలు జమ చెయ్యండి” అనేవాళ్ళు ఒకవైపు, “ఇది షోకేసులో పెట్టుకునేది, డబ్బెలా అవుతుంది?” అనేవాళ్ళు ఇంకోవైపు. ఇద్దరిదీ తప్పే.

(అన్నట్టు, ఈ సగం వెండి మిశ్రమం కొత్తదేమీ కాదు. 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయల్లోనూ ఇవే పాళ్ళు. మీ అమ్మమ్మ పెట్టె అడుగున ఆ రూపాయి దొరికితే, ఎన్టీఆర్ నాణెం పక్కన పెట్టి రంగు పోల్చి చూడండి. దానికి లోహం ధర ఉంది, మోజు ధర ఉంది. ముఖ విలువ మాత్రం ఎప్పుడో పోయింది.)

మన నాణెమేనా, ఎలా తెలుస్తుంది

మొట్టమొదట రూపాయల అంకె కోసం వెతకండి. మన నాణెం మీద సింహాల ముద్ర, “సత్యమేవ జయతే”, భారత్, ఇండియా అన్న పేర్లు, రూపాయల్లో విలువ ఉంటాయి. గ్రాములు మాత్రమే రాసి ఉంటే అది బంగారమో వెండో అవుతుంది గానీ నాణెం కాదు. ఈ ఒక్క చూపుతో నూటికి తొంభై కేసులు తేలిపోతాయి.

చట్టం పేరు నాణేల చట్టం, 2011. అందులో నాణెం అంటే ఏమిటో చెప్పినచోటే “స్మారక నాణెంతో సహా” అని రాసి ఉంది. ఫలానా సందర్భాన్ని గుర్తుచేస్తూ ప్రభుత్వం ముద్రించి, భారత కరెన్సీలో విలువ చూపించినదే స్మారక నాణెం. అందుకే 100, 125, 150, 350, 550 లాంటి వింత విలువలు కనిపిస్తే దొంగ నాణెమని కంగారు పడకండి. వెయ్యి రూపాయల దాకా ఏ విలువతోనైనా ముద్రించే అధికారం చట్టం ఇచ్చింది. 2010లో తంజావూరు బృహదీశ్వరాలయానికి వెయ్యేళ్ళు నిండిన సందర్భంగా వెయ్యి రూపాయల నాణేన్నే వేశారు. అందులో వెండి 80 శాతం. ఇంకో తమాషా: అదే చట్టంలో “నాణెం” అన్న మాటలోకి ప్రభుత్వం వేసే ఒక్క రూపాయి నోటు కూడా వస్తుంది. కాగితమైనా సరే, చట్టం కళ్ళకి అది నాణెమే.

నమ్మకం కుదరకపోతే గెజిట్, అంటే ప్రభుత్వ ప్రకటనల పత్రం చూడండి. ప్రతి స్మారక నాణేనికీ కేంద్ర ఆర్థిక శాఖ విడిగా నిబంధనలు ప్రకటిస్తుంది. వ్యాసం, బరువు, లోహాల పాళ్ళు, అంచు మీద గంట్లెన్ని, ఏ వైపు ఏం రాసి ఉంటుంది, అన్నీ అందులో ఉంటాయి. ఈ-గెజిట్ వెబ్‌సైట్‌లో సందర్భం పేరు కొట్టి వెతికితే దొరుకుతుంది. తర్వాత ఒక స్కేలు, వంటింటి డిజిటల్ త్రాసు చాలు. ఎన్టీఆర్ నాణెం 44 మిల్లీమీటర్లు ఉండి, త్రాసు మీద 28 గ్రాములే తూగిందంటే అనుమానించండి. సంవత్సరం కింద చిన్న నక్షత్రం కనబడితే అది హైదరాబాద్ మింట్ గుర్తు. చర్లపల్లిలో ఇప్పుడున్న మింట్ రాకముందు మన సైఫాబాద్‌లో ముద్రించిన చిల్లర మీద కూడా అదే నక్షత్రం. జేబులో ఉన్న రెండు రూపాయల బిళ్ళ తీసి చూడండి, చాలావాటి మీద ఉంటుంది.

ఎంతవరకు ఇవ్వొచ్చు

చాలామందికి తెలియనిది ఇదే. నాణేలతో చెల్లింపుకి హద్దుంది. రూపాయి, అంతకుమించిన నాణేలైతే వెయ్యి రూపాయల మొత్తం దాకానే చెల్లుబాటు. యాభై పైసల బిళ్ళలైతే పది రూపాయల దాకా. (యాభై పైసలు ఇంకా చెల్లుతుంది. చెల్లకుండా పోయినవి పావలా, అంతకంటే చిన్నవి. అవి 2011 జూన్ 30తో ఆగిపోయాయి.)

కాబట్టి మీరు ఎవరికైనా 900 బాకీ ఉంటే, ఎన్టీఆర్ నాణేలు తొమ్మిది చేతిలో పెట్టి బాకీ తీరిందనొచ్చు. చట్టం మీ వైపు ఉంటుంది, ఇంట్లోవాళ్ళు ఉండరు. 1,450 రూపాయల బిల్లుకి మాత్రం మొత్తం చిల్లరే తెస్తే అవతలివాళ్ళు కాదనొచ్చు. ఇష్టపడి తీసుకుంటే అభ్యంతరం లేదు, బలవంతం మాత్రం చెయ్యలేరు.

ఈ వెయ్యి హద్దు బ్యాంకులో జమకి అడ్డం కాదు. ఎంత చిల్లరైనా తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు చెబుతూనే ఉంది. వందేసి చొప్పున ప్లాస్టిక్ సంచుల్లో కట్టి తీసుకెళ్ళండి, క్యాషియర్ ప్రాణం సుఖపడుతుంది. గుడి హుండీ లెక్కల తర్వాత గోనెసంచులతో వచ్చిన రోజులు నాకింకా కలలోకి వస్తాయి.

నాణెం పాడవకూడదన్నది ఇంకో షరతు. చెక్కి, గీకి, రూపం మార్చినా, ఉండాల్సిన బరువు కంటే బాగా తగ్గినా చెల్లుబాటు పోతుంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే మన ఇళ్ళలో మంచి నాణెం కనబడగానే కొక్కెం అతికించి మెడలో వేసుకోవాలనిపిస్తుంది. ఎన్టీఆర్ నాణేనికి చిల్లి పొడిపించి లాకెట్ చేయించుకున్న అభిమానిని నేనే చూశాను. అతనికి కావలసింది అతనికి దక్కింది గానీ, ఆ చిల్లితో ముఖ విలువా పోయింది, మోజు ధరా పోయింది. లోహం ఒక్కటే మిగిలింది.

పోనీ ఆ లోహాన్నైనా కరిగిద్దామా అంటే, వద్దు. చెల్లుబాటు ఉన్నందువల్ల వచ్చే ఇబ్బంది ఇదే. నాణేన్ని కరిగించడం, ధ్వంసం చేయడం నేరం. ఏడేళ్ళ దాకా జైలు, జరిమానా. వెండి ధర పెరిగిందని కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి “దీన్ని పట్టీలు చేసి పెట్టు” అనకండి. బంగారం కొట్టులో కొన్న లక్ష్మీదేవి వెండి బిళ్ళని ఎన్నిసార్లైనా కరిగించుకోవచ్చు. పక్కనే ఉన్న స్మారక నాణేన్ని కరిగించకూడదు. పైకి రెండూ వెండి బిళ్ళలే.

కొట్టువాడు తీసుకోనంటే?

ఇక్కడ నిజం మాట్లాడుకుందాం. చట్టంలో చెల్లుతుంది అనడానికీ, బజార్లో చెల్లడానికీ మధ్య పెద్ద అగాధమే ఉంది. దానికి మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పది రూపాయల బిళ్ళ కంటే మంచి సాక్ష్యం లేదు.

వెండి, బంగారం రంగులు కలిసిన పది రూపాయల బిళ్ళ 2009లో చలామణిలోకి వచ్చింది. 2011లో రూపాయి గుర్తు వచ్చాక డిజైన్ మారింది. పాతదాని మీద పదిహేను గీతలు, కొత్తదాని మీద పది. కొన్నేళ్ళకి వాట్సాప్‌లో ఎవడో పుణ్యాత్ముడు “పది గీతలున్నదే అసలు, పదిహేను గీతలున్నది దొంగది” అని మొదలుపెట్టాడు. చెల్లని పైసాకి గీతలెక్కువ అని మనకి సామెత ఉండనే ఉంది. జనం నిజంగానే గీతలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు! ఆటోవాళ్ళు వద్దన్నారు, కూరగాయలామె వద్దంది, చివరికి అసలు పది రూపాయల బిళ్ళే రద్దయిందని తీర్మానించేశారు. 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు, అప్పటిదాకా వచ్చిన 14 డిజైన్లూ చెల్లుతాయని ప్రకటన ఇచ్చింది. ఆ 14లో చాలావరకు స్మారక డిజైన్లే. అంబేడ్కర్ 125వ జయంతిది, యోగా దినోత్సవానిది, వైష్ణోదేవిది, ఇలా. ఫోన్‌లో చెప్పడానికి 14440 అని ఒక నంబరు కూడా పెట్టారు. ఆ ప్రకటన ప్రింటు తీసి నేను కౌంటర్ అద్దానికి అంటించాను. దాన్ని చదివి, బాగా తలూపి, “అయినా నోటే ఇవ్వండమ్మా” అన్నవాళ్ళే ఎక్కువ.

నాణెం తీసుకోకపోతే రాజద్రోహం కేసు పెట్టొచ్చని తిరిగే మెసేజీలు నమ్మకండి. నాణేల చట్టంలో, తీసుకోనన్న కొట్టువాడికి ఇంత శిక్ష అని ఎక్కడా రాసి లేదు. చెల్లుబాటు అన్న మాటకి అసలు బలం బాకీ తీర్చేచోట. ఇడ్లీ తినేశాక, ఆటో దిగాక, వడ్డీ కట్టే రోజు వచ్చాక మీరు బాకీదారు. అప్పుడు ఇచ్చిన చెల్లుబాటు డబ్బుని కాదంటే తప్పు అవతలివాడిది. సరుకు ఇంకా అతని చేతిలోనే ఉన్నప్పుడు మాత్రం వాదన మొదలవుతుంది, ఇడ్లీ చల్లారిపోతుంది. నా సలహా: చలామణి కోసం వచ్చిన పది రూపాయల బిళ్ళ అయితే ఓపిగ్గా పట్టుబట్టండి, అందరూ వదిలేస్తే అది నిజంగానే చచ్చిపోతుంది. మింట్‌లో కొన్న వెండి నాణెమైతే బజారుకి అసలు తీసుకెళ్ళకండి. దాన్ని చలామణి కోసం ఎవరూ చెయ్యలేదు. రిజర్వ్ బ్యాంకు దాన్ని సంచుల్లో పంచదు. సైఫాబాద్ మింట్ కౌంటర్లోనో, మింట్ వెబ్‌సైట్‌లోనో డబ్బాతో సహా అమ్ముతారు.

2022 జూన్‌లో ప్రధాని విడుదల చేసిన, అమృత్ మహోత్సవ్ (స్వాతంత్ర్యానికి 75 ఏళ్ళ వేడుకలు) గుర్తు ఉన్న 1, 2, 5, 10, 20 రూపాయల బిళ్ళల్ని కూడా జనం స్మారక నాణేలనుకుని దాచుకున్నారు. అవి మామూలు చిల్లరే, హాయిగా ఖర్చు పెట్టుకోండి.

సర్వీసులో ఉండగా జరిగిన ఒక సంగతి నా మనసులోంచి పోదు. ఒక పెద్దావిడ అప్పు వాయిదా కట్టడానికి వచ్చింది. నూట యాభై తక్కువైంది. కొంగు ముడి విప్పి రెండు బిళ్ళలు తీసింది. రిజర్వ్ బ్యాంకుకి 75 ఏళ్ళు నిండిన సందర్భంగా 2010లో వేసిన 75 రూపాయల వెండి నాణేలు. ఆవిడ భర్త కొని దాచుకున్నవి. కౌంటర్లో ఉన్న కుర్రాడు వాటిని అటూ ఇటూ తిప్పి, “75 రూపాయల బిళ్ళేంటమ్మా, ఇవి ఆడుకునేవి” అని వెనక్కి తోసేశాడు. రిజర్వ్ బ్యాంకు పేరు వాటి మీదే ఉంది, చదవలేదు. నేను ఆవిణ్ణి లోపలికి పిలిచి కూర్చోబెట్టి, “అమ్మా, ఇవి చెల్లుతాయి, మేం తీసుకోవాలి కూడా. కానీ తీసుకుంటే మీకు నూట యాభయ్యే జమవుతుంది, ఇందులో వెండే అంతకి ఎన్నో రెట్లుంది” అన్నాను. నూట యాభై నేను కట్టాను. తర్వాత నెలలో తెచ్చిచ్చింది. ఆ కుర్రాడికి మాత్రం ఆ సాయంత్రం చట్టం ప్రతి ఇచ్చి చదివించాను.

గ్రాముల మీద అమ్మే కాసులు

బంగారం కొట్టు కాసులు, బ్యాంకులు అమ్మే బంగారు నాణేలు, వీటికి ముఖ విలువే లేదు. కాబట్టి చెల్లుబాటు ప్రశ్నే రాదు. అందరూ పొరబడేది 2015 నవంబరు 5న ప్రధాని ప్రారంభించిన ఇండియన్ గోల్డ్ కాయిన్ దగ్గర. ఒకవైపు అశోక చక్రం, ఇంకోవైపు గాంధీగారు. నోటు మీద ఉన్నట్టే గాంధీగారున్నారు కాబట్టి డబ్బే అనుకుంటారు. కాదు. దాని మీద ఉన్నది 5 గ్రాములో, 10 గ్రాములో. 24 క్యారెట్లు, 999 స్వచ్ఛత, హాల్‌మార్క్. మంచి బంగారం, అంతే.

తిరుమలలో కొనే శ్రీవారి బంగారు డాలర్ కూడా అంతే. పేరుకే డాలర్. ఒకాయన దాన్ని చూపించి, “ఇది అమెరికాలో మారుతుందా” అని నన్ను నిజంగానే అడిగాడు. స్వామివారి బొమ్మ ఉన్న లాకెట్టండీ, మెడలో వేసుకోండి, అన్నాను.

గ్రాముల కాసు కొనేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. బ్యాంకు అమ్మిన బంగారు నాణేన్ని బ్యాంకు తిరిగి కొనదు, దానికి అనుమతి లేదు. మీరు అమ్మాల్సింది బంగారం కొట్టులోనే, ఆనాటి లోహం ధరకే. ప్యాకింగ్ కోసం మీరు ఎక్కువ ఇచ్చిన డబ్బు నీళ్ళలో పోసినట్టే.

విదేశాల్లో వ్యవహారం తలకిందులు

మా చెల్లెలి కూతురు డాలస్ నుంచి వచ్చినప్పుడల్లా పుట్టినరోజు పిల్లలకి అమెరికన్ సిల్వర్ ఈగల్ తెస్తుంది. 1986 నుంచి వస్తున్న కాసు. ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాముల మేలిమి వెండి. దాని మీద “ఒక డాలర్” అని ఉంటుంది. మన గోల్డ్ కాయిన్‌లా కాకుండా, ఇది లోహం కోసం కొనేదైనా అక్కడ చట్టప్రకారం డబ్బు కూడా. ఒక డాలర్‌కి చెల్లుతుంది. బంగారు ఈగల్ మీద 50 డాలర్లని ఉంటుంది, లోపల ఒక ఔన్సు బంగారం ఉంటుంది. 50 డాలర్లకి దాన్ని ఇచ్చేవాడు ఉంటాడా అంటే, ఒకడున్నాడు. నెవాడాలో ఒక కాంట్రాక్టరు కూలీలకి జీతాలు బంగారు, వెండి నాణేల్లో ఇచ్చి, ముఖ విలువే లెక్క చూపించి పన్ను ఎగ్గొట్టాడు. చట్టప్రకారం డబ్బే కదా అన్నది అతని వాదన. 2009లో జ్యూరీ దోషి అంది, జైలుకి పోయాడు.

బ్రిటన్‌లో దీనికి అద్దం తిప్పినట్టు ఇంకో కథ. అక్కడి రాయల్ మింట్ వంద పౌండ్ల వెండి నాణేల్ని వంద పౌండ్లకే అమ్మింది. కొందరు తెలివిగా క్రెడిట్ కార్డు మీద కొని, పాయింట్లు కొట్టేసి, నాణేలు బ్యాంకులో జమ చేద్దామని వెళ్ళారు. బ్యాంకులు తీసుకోలేదు. చెల్లుబాటంటే బాకీ తీర్చేటప్పుడు పనికొచ్చే ఇరుకైన మాటే తప్ప, బ్యాంకు జమ చేసుకుని తీరాలని అర్థం కాదన్నారు. అందులో వెండి అప్పట్లో అంత విలువ కూడా చెయ్యలేదు కాబట్టి వాళ్ళు రెండు విధాలా ఇరుక్కున్నారు.

దక్షిణాఫ్రికా బంగారు కాసు క్రూగరాండ్ ఇంకో వింత. 1967 నుంచి వస్తోంది, దాని మీద ముఖ విలువే లేదు, అయినా అక్కడ చట్టబద్ధమైన డబ్బు. నేను పైన చెప్పిన “గ్రాములుంటే నాణెం కాదు” సూత్రం మన దేశంలోనే పనిచేస్తుందని గుర్తుపెట్టుకోండి.

మన ఇళ్ళకి దగ్గరి విదేశీ నాణెం మాత్రం బ్రిటిష్ బంగారు కాసు సవరన్. కాసు బంగారమంటే ఎనిమిది గ్రాములని మనం అనే లెక్క దానికి దగ్గరే, సవరన్ బరువు 7.98 గ్రాములు, 22 క్యారెట్లు. పాత కాసులపేర్లలో అసలు విక్టోరియా సవరన్లు గుచ్చి ఉండేవి. 1838 తర్వాతి సవరన్ బ్రిటన్‌లో ఈనాటికీ చెల్లుతుంది, ఒక్క పౌండుకి! ఇంకా తమాషా ఏమిటంటే, 1918లో బొంబాయిలో సవరన్లు ముద్రించారు. 2013లో రాయల్ మింట్ అనుమతితో మన దేశంలోనే మళ్ళీ ముద్రించారు. ఇక్కడే పుట్టి, ఇక్కడే అమ్ముడుపోయి, ఇక్కడ చెల్లకుండా లండన్‌లో చెల్లే నాణెం అది. ఆ మాటకొస్తే అక్కడ చెల్లి ఇక్కడ చెల్లని డబ్బు తెలంగాణ పెద్దవాళ్ళకి కొత్త కాదు. నిజాం రాజ్యపు రూపాయి హాలీ సిక్కా, ఇంగ్లీషువాళ్ళ రూపాయి కల్దార్ రెండూ జేబులో పెట్టుకు తిరిగిన తరం వాళ్ళది.

విదేశీ కాసులు మన బజారులో చెల్లవు, నాకు తెలిసిన మనీ ఛేంజర్లు కూడా నోట్లే తప్ప నాణేలు ముట్టుకోరు. అమ్మితే లోహం ధరకే. తెచ్చేవాళ్ళకి ఒక హెచ్చరిక: ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో సుంకం లేకుండా ఇచ్చే రాయితీ నగలకి, కాసులకి కాదు. “ఇది డాలర్ నాణెమండీ, డబ్బే” అంటే వినరు.

అమ్మాలన్నా, దాచాలన్నా

పాత నాణేలకి లక్షలిస్తామనే ప్రకటనలు చూసి ఫోన్ చెయ్యకండి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళకి ఐదు లక్షలని చెప్పి, ముందు “రిజిస్ట్రేషన్ ఫీజు” కట్టించుకుంటారు. రిజర్వ్ బ్యాంకు పేరు కూడా వాడుకుంటుంటే, 2021 ఆగస్టులో ఆ బ్యాంకే హెచ్చరిక ఇచ్చింది, తాము ఇలాంటి అమ్మకాలు చెయ్యమని, ఎవరికీ ఆ పని అప్పగించలేదని.

స్మారక నాణెం మోజు ధర నిలబడాలంటే మింట్ వాళ్ళ ఫోల్డర్ తెరవకండి. తెరిస్తే అంచులు పట్టుకుని తియ్యండి, ముఖం మీద వేలు పెడితే ఆ ముద్ర అక్కడే ఉండిపోతుంది. నల్లబడినా తోమకండి. చింతపండు, విబూది, పీతాంబరి పొడి, ఏదీ వద్దు. వెండి కుంది వేరు, నాణెం వేరు. తోమిన నాణేన్ని కొనేవాడు ఒక్క చూపులో పట్టేస్తాడు. కొన్న బిల్లు కూడా ఫోల్డర్‌తోనే ఉంచండి.

ఇక కొట్టాయన బిళ్ళ సంగతి. మా వీధిలో ఆ నాణెం ఉన్నది పక్కింటి బాబాయి దగ్గరే. హైదరాబాద్ వెళ్ళి, సైఫాబాద్‌లో ఎండలో క్యూలో నిలబడి కొనుక్కొచ్చి, దేవుడి అలమరలో పెట్టుకున్నాడు. సెలవులకి వచ్చిన తొమ్మిదేళ్ళ మనవడు ఫోల్డర్‌ని కత్తెరతో కోశాడు. వాడి లెక్క ప్రకారం మీద వంద అని రాసి ఉంది, వందకి సరుకు తెచ్చుకున్నాడు. తప్పు పట్టడానికి నాకేం కనబడలేదు.

కొట్టాయన కాసేపు ఆలోచించి, “అంటే నాలుగు వేలది నాకు వందకి వచ్చినట్టేగా” అని నవ్వాడు. నవ్వుతూనే పొట్లం నా చేతిలో పెట్టి, వంద నోటు తీసుకుని వెళ్ళిపోయాడు. మంచివాడు.

నేను బాబాయికి ఇచ్చేసి వచ్చాను. పొద్దున్నే పిలుపొచ్చింది. వెళ్ళేసరికి పిన్ని కొంగుతో నాణేన్ని తుడుస్తోంది. ఎవరెవరి చేతులు పడ్డాయో, గల్లాపెట్టెలో పడొచ్చింది కదా అని, రాత్రి చింతపండు నానబెట్టి, బ్రష్షుతో అంచుల్లో కూడా రుద్ది కడిగిందట. అద్దంలా మెరుస్తోంది. బాబాయి మొహం అంతకంటే మెరుస్తోంది.

“చూశావా అమ్మాయ్, కొన్నరోజు కూడా ఇంత తళతళ లేదు. ఇప్పుడెంత పలుకుతుందంటావ్?”

“వందకి గ్యారంటీ బాబాయ్” అన్నాను.